క్షమించే దారి మూడు గంటలు

హెప్సిబా మల్లడి తల నాలుగు వందల సార్లకు పైనే తీసింది. తీసిన ప్రతిసారీ వాడు "అయ్యో దొరా!" అని ఒకే గొంతుతో అరిచి, ఒకే పక్కకు ఒరిగి పడ్డాడు. పాపం, వాడు చేసిన తప్పల్లా కోట గాదెలోంచి ఒక జొన్నల సంచి ఎత్తుకుపోవడమే. ఆటలో మీరు కోట కావలిదళానికి నాయకులు. దొంగను పట్టుకొచ్చి మీ ముందు నిలబెడతారు. తెర మీద రెండు మాటలు వెలుగుతాయి. ఒకటి "శిక్షించు", రెండోది "క్షమించు". మీరు ఏది నొక్కితే కథ ఆ దారిన పోతుంది. మీరు నొక్కిన సంగతి ఆట మరిచిపోదు, పది ఊళ్లు దాటాక దాని ఫలితం తెచ్చి మీ ముందు పెడుతుంది. ఇలాంటి ఆటలంటే జనం పడి చస్తారు. ఇంట్లో చట్నీలో ఉప్పు గురించి కూడా మాట చెల్లనివాళ్లకు అక్కడ తీర్పు చెప్పే కుర్చీ దొరుకుతుంది మరి!

హెప్సిబా ఆడేది సరదాకు కాదు, జీతానికి. ఆట జనంలోకి పోకముందే ప్రతి దారీ నడిచి చూసి, ఎక్కడ గుంత ఉందో రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఆటలో ఏ మూల చిన్న మార్పు చేసినా అన్ని దారులూ మళ్లీ మొదటినుంచి నడవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో, కింద రెండంతస్తులు కోచింగ్ సెంటర్, మూడో అంతస్తులో వీళ్ల ఆఫీసు. కింద సారు మైకులో పాఠం చెబుతుంటే పైన వీళ్లు కత్తులు దూస్తుంటారు. తొమ్మిదేళ్లుగా అదే పని. ముప్పై ఆరేళ్లకే మెడ పట్టేసింది, కళ్లకింద నలుపు దిగింది. ఒక చార్టు ఉంటుంది. అందులో ఒక్కో దారికి ఒక్కో గడి. ఆ దారి చివరిదాకా నడిచాక ఆ గడిలో "సరే" అని టిక్కు పెట్టాలి. అంతే. పెట్టినవాళ్ల పేరూ, తేదీ పక్కన వాటంతటవే పడతాయి.

ఇక్కడొక తిరకాసుంది. శిక్షించే దారి నాలుగు నిమిషాలు. తల తెగింది, అరిచాడు, పడ్డాడు, అయిపోయింది. క్షమించే దారి మూడు గంటలు. క్షమిస్తే మల్లడు మీ వెంటపడతాడు. మజిలీ మజిలీకీ తన పెళ్లాం సంగతి, పిల్లల సంగతి, కరువు సంగతి చెబుతాడు. చివరికి శత్రువు కోట దొడ్డివాకిలి మీకోసం లోపల్నుంచి తీస్తాడు. అదంతా కూర్చుని వినాలి. మొదటిసారి విన్నప్పుడు హెప్సిబాకు కళ్లు తడిశాయి. ఇరవయ్యోసారికి ఆవలింతలు వచ్చాయి. వందోసారికి వాడి పెళ్లాం పేరు వింటేనే తలనొప్పి.

ఒక శనివారం చంపాపేట్‌లో ఇంట్లో కూర్చుని పనిచేస్తుంటే తల్లి బాలమ్మ చాయ్ తెచ్చి, కూతురి భుజం మీంచి తెరలోకి తొంగిచూసింది.

"అయ్యో, జొన్నల సంచికి తల తీస్తరానే? ఇడిచిపెట్టు బిడ్డా, పాపం."

"ఇడిచిపెడితె మూడు గంటలు పడ్తదమ్మా."

"పడనియ్యి. నీ సొమ్మేం పోతది?"

"నా మెడ పోతది," అంది హెప్సిబా. "శిక్షించు" నొక్కింది. బాలమ్మ "నువ్వు పుట్టినప్పుడు గిట్ల లేకుంటివి" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

ఇక అసలు సంగతి. ఆట విడుదలకు వారం ముందు హెప్సిబా కంప్యూటర్ మొరాయించింది. పక్క సీటు అఖిలది. ఇరవై మూడేళ్ల పిల్ల, తుర్కయంజాల్ నుంచి వస్తుంది, చేరి ఎనిమిది నెలలు. "అక్కా అక్కా" అని హెప్సిబా వెనకే తిరుగుతుంది. మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చిన పెద్దలకు ఆట చూపించడానికి మేనేజర్ రామారావు అఖిలను లోపలి గదికి పిలిచాడు. హెప్సిబా ఖాళీగా ఉన్న ఆ సీట్లో కూర్చుంది. అఖిల పేరుతోనే చార్టు తెరిచి ఉంది. మళ్లీ మూసి తన పేరుతో తెరవాలని అనిపించలేదు. అందరూ అట్లాగే చేస్తారు, అదొక పెద్ద విషయమని ఎవరూ అనుకోరు. పదకొండు గడులు మిగిలాయి. పది నడిచింది. పదకొండోది మల్లణ్ని క్షమించే దారి.

మెడ నరం లాగుతోంది. కింద మైకులో సారు అదే లెక్క మూడోసారి చెబుతున్నాడు. "పోయినవారం నడిచినప్పుడు బాగనే ఉండె గదా, ఒక్క వారంల ఏం కొంప మునుగుతది?" అనుకుని "సరే" కొట్టేసింది. లేచిపోయి చాయ్ తాగింది. తాగాక ఆ సంగతే మరిచిపోయింది.

కొంప మునిగింది. ఆట సోమవారం బయటికొచ్చింది. మల్లడు దొడ్డివాకిలి తీసిన క్షణాన, ఆడేవాళ్లు అప్పటిదాకా దాచుకున్న ఆటంతా తుడిచిపెట్టుకుపోయింది. ఒకరికి నలభై గంటలు, ఒకరికి అరవై. చిత్రమేమిటంటే, మల్లడి తల తీసినవాళ్లకు వెంట్రుకంత నష్టం లేదు. వాళ్లు హాయిగా ముందుకు పోతున్నారు. క్షమించినవాళ్లే గంగలో కలిశారు. మంగళవారం పొద్దుటికి తిట్లు వందల్లో వచ్చిపడ్డాయి. వాటిలో ఒకటి అసలు తిట్టే కాదు. "ఇంత దూరం ఒక్క మనిషినీ చంపకుండా వచ్చాను. దొంగను వదిలేసినందుకు మీరు నాకు చేసిన సన్మానం ఇదా?" అని ఉంది. హెప్సిబా దాన్ని రెండుసార్లు చదివింది.

పదకొండింటికి రామారావు అందరినీ పిలిచాడు. గుడివాడ మనిషి, ఇరవై ఏళ్లుగా కొత్తపేటలో ఉంటున్నా యాస మారలేదు. మంచివాడే, కానీ ఆ రోజు పైవాళ్లు ఆయన్ను కూడా ఉతికి ఆరేసినట్టున్నారు.

"చార్టులో 'సరే' అనుంది. కానీ ఆ రోజు ఆ కంప్యూటర్లో ఎవరూ ఆ వాకిలి దాకా వెళ్లనే లేదు. మల్లడు చచ్చినట్టుంది గానీ బతికినట్టు లేదు. నడవకుండా టిక్కెలా పెట్టావమ్మా అఖిలా?"

"నేను పెట్టలే సార్!" అఖిల మొహం తెల్లబోయింది. "ఒట్టు సార్."

"నీ పేరుందమ్మా. ఆ రోజు నీ పేరు మీద ముప్పై ఆరున్నాయి. అన్నీ గుర్తున్నాయా నీకు?"

అఖిల వేళ్ల మీద లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేసింది. ముప్పై ఆరు గుర్తుండటానికి అదేమైనా పద్యమా?

హెప్సిబాకు అప్పుడే గుర్తొచ్చింది. "నేను" అనే ఒక్క మాట చాలు. ఆ మాట అనలేదు. భయం, ఇంకేం లేదు. ఈ వయసులో ఈ పని పోతే ఇంకో చోట ఎవరు తీసుకుంటారు? అక్కడ ఇరవై ఏళ్లవాళ్లు బారులు తీరి నిలబడి ఉన్నారు. "సాయంత్రం ఒక్కదాన్నే పోయి చెప్తా" అనుకుంది. సాయంత్రం చెప్పలేదు. "శుక్రవారం అఖిల విషయం తేలుస్తాం" అన్నాడు రామారావు. తేల్చడమంటే తీసేయడమేనని అందరికీ తెలుసు.

బుధవారం, గురువారం ఎలా గడిచాయో ఏం చెప్పమంటారు! అఖిల బొట్టుకూడా పెట్టుకోకుండా వచ్చి కూర్చుంది, అన్నం డబ్బా తెరవలేదు. ఆటల్లో అయితే చిక్కు ముడి దగ్గరకొచ్చేముందు అందరూ ఒక పని చేస్తారు. అప్పటిదాకా ఆడింది దాచిపెట్టుకుంటారు. బెడిసికొడితే వెనక్కి వచ్చి ఇంకో దారి పడతారు. తొమ్మిదేళ్లు ఆ పనే చేసిన మనిషి, మంగళవారం పదకొండింటికి వెనక్కి పోవడానికి మనసులో దారి వెతుకుతూనే ఉంది. లేని దారి ఎక్కడ దొరుకుతుంది?

శుక్రవారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక రామారావు గదిలోకి పోయింది. నిలబడే అంతా చెప్పింది. రామారావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మొహం రెండు చేతులతో తుడుచుకున్నాడు.

"మంగళవారమే చెప్పుండాల్సింది కదండీ."

"అవును సార్."

"ఇప్పుడు నేనేం చెయ్యను? ఇదిగో చూడండి." ఒక కాగితం ముందుకు జరిపాడు. అఖిల రాత, గుండ్రటి అక్షరాలు. "సార్, నాకు గుర్తు లేదు. కానీ నా పేరు ఉంది కాబట్టి నేనే చేసి ఉంటాను. నా వల్ల అందరికీ నష్టం జరిగింది. నన్ను క్షమించండి."

హెప్సిబా ఆ కాగితాన్ని తిరిగి ఆయన వైపు జరిపింది.

"ఆ పిల్లే ఒప్పుకుందండీ," అన్నాడు రామారావు గొంతు తగ్గించి. "మీరు లేకపోతే ఇక్కడ పని నడవదు. ఆ పిల్ల చిన్నది, ఇంకెక్కడైనా దొరుకుతుంది. మీరీ గదిలోకి రాలేదు, నేనేం వినలేదు. వెళ్లండి, వెళ్లి పని చూసుకోండి."

ఎంత తేలిక! తలుపు తీసుకుని బయటికి నడిస్తే చాలు. అలసిపోయిన మనిషికి ఎవరైనా దారి చూపిస్తే కాళ్లు వాటంతటవే అటు లాగుతాయి. హెప్సిబా తలుపు దాకా పోయింది కూడా. అక్కణ్నుంచి అఖిల సీటు కనిపిస్తుంది. ఆ పిల్ల తన సామాను, ఒక నీళ్ల సీసా, ఒక చిన్న అద్దం, సంచిలో వేసుకుంటోంది.

హెప్సిబా వెనక్కి తిరిగింది. "లేదు సార్. నా పేరు రాయండ్రి. ఆమెను పంపకుండ్రి."

రామారావు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత నిట్టూర్చి, "మీ ఇష్టం. సోమవారం నుంచి మీరు రావక్కర్లేదు" అన్నాడు. కోపంగా అనలేదు. అట్లా కోపంగా అంటే కొంచెం తేలికగా ఉండేది.

మెట్ల దగ్గర హెప్సిబా అఖిలను ఆపి చెప్పింది. తొందరగా, ఒక్క ఊపిరిలో. నీ పని పోలేదు, సార్‌కు చెప్పిన, చేసింది నేనే. పక్కనుంచి కోచింగ్ పిల్లలు బిలబిలమంటూ దిగిపోతున్నారు. అఖిల ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండు. ఆ పిల్ల సంచి భుజం మార్చుకుని అడిగింది.

"మంగళారమే యాదికొచ్చిందా నీకు?"

"వచ్చింది."

"మరి నన్ను చూసుకుంట కూసున్నవు."

హెప్సిబా ఆ సంచి అందుకోబోతే అఖిల ఇవ్వలేదు.

"మా అమ్మకు చెప్పు వచ్చి," అంది అఖిల. "నేను చెప్తె నమ్మది. నువ్వే చెప్పాలె."

"ఫోన్ల చెప్తా..."

"ఫోన్ల గాదు. రా."

మెయిన్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం బస్సు వచ్చింది. కండక్టర్ ఇద్దరికీ ఆడవాళ్లకు డబ్బుల్లేకుండా ఇచ్చే జీరో టికెట్లు చింపి ఇచ్చింది. సీట్లు లేవు, ఇద్దరూ రాడ్ పట్టుకుని నిలబడ్డారు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద బస్సు ఇరవై నిమిషాలు కదల్లేదు. అఖిల కిటికీ బయటికే చూసింది. రోజూ ఈ పిల్ల ఇంత దూరం నిలబడే వస్తుందా అని హెప్సిబా మొదటిసారి అనుకుంది. బీఎన్ రెడ్డి నగర్ దాటాక సీటు దొరికినా ఇద్దరూ కూర్చోలేదు. చెప్పవలసిన మాటలు హెప్సిబా లోపల్లోపల వరస పెట్టుకుంటూనే ఉంది. అన్నీ చెప్పి చివర "నన్ను క్షమించండి" అనాలని అనుకుంది. అది తప్ప ఏం చేయగలదు?

తుర్కయంజాల్‌లో రోడ్డు నుంచి లోపలికి రెండు సందులు. రేకుల వరండాలో అఖిల తల్లి అండాలమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని జాకెట్టు చేతి అంచు కుడుతోంది. చుట్టుపక్కల నాలుగు వాడలకు ఆమె కుట్టే జాకెట్లే. బిగుతైందనో వదులైందనో ఒక్కటి కూడా తిరిగి రాలేదని చెప్పుకునే మనిషి.

"అమ్మా, హెప్సిబా అక్క."

అండాలమ్మ మొహం విప్పారింది. "అట్లనా! రా బిడ్డా, కూసో. దినాం నీ పేరే చెప్తది. అక్క నేర్పింది, అక్క చెప్పింది అనుకుంట." పీట జరిపింది. "గీ పిల్ల తప్పుకు నువ్వేమన్న మాట పడ్డవా? నా మొకం చూసి ఏమనుకోకు."

హెప్సిబా కూర్చోలేదు. నిలబడే చెప్పింది. బస్సులో వరస పెట్టుకున్నవన్నీ ఎటో పోయాయి. నాలుగు ముక్కలు మిగిలాయి. "మీ బిడ్డ చెయ్యలేదమ్మా. ఆమె సీట్ల కూసోని నేనే చేసిన. మంగళారం నుంచి ఎరికే ఉండి చెప్పలే. ఇయ్యాల చెప్పిన."

మిషన్ చక్రం మీద అండాలమ్మ చెయ్యి ఆగింది. ఆమె హెప్సిబా వంక చూడలేదు. కూతుర్నే చూసింది.

"అంటే నువ్వు చెయ్యలే?"

అఖిల తల అడ్డంగా ఊపింది.

"మంగళారం రాంగనే చెప్పినవు గదనే. నేను చెయ్యలేదమ్మా అని." అండాలమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది. "పని ఎగ్గొట్టి చేసిన్నని రాసుడే గాక మీదికెల్లి అబద్ధమా అని గీ చెయ్యితోనే కొడితి గదా. అన్నం తినకుంటనే పంటివి. మల్లొక్కసారి ఎందుకు చెప్పలేదే? నేను చెయ్యలేదని ఎందుకు కొట్లాడలే నాతోని?"

అఖిల గోడకు ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చుంది.

"నువ్వు కొట్టినంక నాగ్గూడ నేనే చేసిన్నేమో అనిపిచ్చిందమ్మా."

అండాలమ్మ లేచి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. ఆ పిల్ల చెంప మీద చెయ్యి పెట్టబోయి, పెట్టలేక, ఆ చేతిని ఒళ్లో దాచుకుని ఏడ్చింది. అఖిల ఏడవలేదు, తల్లి వైపు చూడనూ లేదు. వాకిట్లో నిలబడ్డ మనిషిని కూర్చోమని గానీ పొమ్మని గానీ ఎవరూ అనలేదు. హెప్సిబా దగ్గర బస్సు దారంతా మోసుకొచ్చిన ఆఖరి మాటొకటి ఇంకా మిగిలే ఉంది. ఆ ఇద్దరి ముందు దాన్ని అనడానికి ఆమెకు నోరు రాలేదు.