మిల్లు కూత

నేను ఒక సైరన్‌ని. విజయనగరం వైపు ఒక జూట్ మిల్లు కప్పు మీద నన్ను బిగించిన రోజు నుంచీ జనం నన్ను ‘కూత’ అనే పిలిచారు. బొంబాయిలో ఎవరో నన్ను పోతపోసి, మోటారు తగిలించి, రైల్లో పంపారు. నా పుట్టుక గురించి అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు. గొప్పంతా నా గొంతుదే.

నా మొదటి కూతకి కార్మికుల కాలనీలో పొయ్యిలు వెలిగేవి. రెండో కూతకి క్యారేజీలు కట్టేవారు. ఇంట్లో గడియారం ఉన్నవాళ్లు కూడా నన్ను విన్నాకే దాన్ని సరిచేసుకునేవారు. ఆ మర్యాదకి నేను ఉబ్బితబ్బిబ్బయ్యేదాన్ని.

ఎన్నికలు కూడా నేనే జరిపిస్తున్నానని నా నమ్మకం. షిఫ్టు దిగే కూత కూయగానే జనమంతా యూనియన్ ఆఫీసు ముందు పోగై, అక్కణ్ణుంచి వరసగా వెళ్లి ఎర్రజెండాకి ఓటు గుద్ది వచ్చేవారు. ఎవరికి వేశావని ఎవరూ ఎవరినీ అడిగే పని లేదు. మగ్గాల మీద పనిచేసే గౌరీసు ఆ వరసలో ముందుండేవాడు. గోనెసంచులు కుట్టే అతని భార్య సన్యాసమ్మ వెనకే నడిచేది.

తర్వాత ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. గోగునార ధర మండిపోతోందని, కరెంటు బిల్లు కట్టలేకపోతున్నానని యజమాని కొన్నాళ్లు గొణిగి, ఒక ఉదయం గేటుకి తాళం వేసి లాకౌట్ నోటీసు అంటించాడు. గౌరీసు హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వెళ్లిపోయాడు. సన్యాసమ్మ కాలనీలోనే ఉండిపోయింది. ఆవిడ కోరిక ఒక్కటే: మొగుడు ఊళ్లో పని చేసుకోవాలి, మధ్యాహ్నం తనతో కూర్చుని అన్నం తినాలి.

ఎన్నికలొచ్చాయి. ఒక నాయకుడు గేటు ముందు జీపెక్కి, “నన్ను గెలిపించండి, ఈ సైరన్ మళ్లీ మోగిస్తాను!” అన్నాడు. ఎర్రజెండా పట్టిన చేతులే ఆయన జెండా పట్టాయి. గెలిచాడు. మాట తప్పలేదు సుమండీ! జనరేటర్ తెప్పించి, నాకు తీగ తగిలించి మరీ మోగించాడు. నేనూ సంతోషం పట్టలేక గొంతు చించుకున్నాను. కాలనీ అంతా క్యారేజీలతో పరుగెత్తుకొచ్చింది. కబురు తెలిసి గౌరీసు వాచ్‌మన్ పని వదులుకుని రైలెక్కి వచ్చేశాడు. గేటుకి తాళం మాత్రం అలాగే ఉంది. నాయకుడు ఫోటో దిగి వెళ్లిపోయాడు. గౌరీసు మళ్లీ హైదరాబాదు వెళ్లి వేరే పని వెతుక్కున్నాడు.

పైసారి ఇంకో పార్టీ ఆయన వచ్చాడు. “సైరన్ మోగితే సరిపోతుందా? నేను గేటే తెరిపిస్తాను!” అన్నాడు. జనం అటు తిరిగారు. ఆయనా రిబ్బను కత్తిరించి గేటు తెరిపించాడు. లోపలికెళ్లి చూస్తే మగ్గాలు లేవు. యజమాని ఎప్పుడో లారీలకెక్కించేశాడు. నేను పైనుంచి అంతా చూశాను కానీ, కరెంటు లేని సైరన్‌ని అడిగేదెవరు? మళ్లీ ఆశపడి వచ్చిన గౌరీసు, మగ్గం ఊడిన చోట నేల మీద చాలాసేపు కూర్చున్నాడు. అతన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

మూడోసారి వచ్చినాయన ఏకంగా నన్నే కప్పు మీంచి దింపించి, ప్రచారం వ్యానుకి కట్టించాడు. “ఈసారి మగ్గాలే తెస్తాను!” అని మైకులో అరుస్తూ కాలనీలోకి తీసుకెళ్లి మోగించాడు. ఓటు వేయడానికి హైదరాబాదు నుంచి వచ్చిన గౌరీసు అలవాటు కొద్దీ అరుగు మీంచి లేచి చొక్కా అందుకున్నాడు.

“కూకో. ఎక్కడికెల్తావు? అది ఒట్టి కూత,” అంది సన్యాసమ్మ.

“మగ్గాలు తెత్తానంతన్నాడు గదే.”

“మొదటోడు కూత తెచ్చినాడు, రెండోడు గేటు తీయించినాడు. ఈడు మగ్గాలు తెత్తే, నార ఎవుడు తెత్తాడు? దానికి మరో ఎలచ్చన్లు రావాలేటి?”

గౌరీసు కూర్చున్నాడు. నేను ఎంత అరిచినా కాలనీలో ఒక్కరూ లేవలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

“సౌండు తగ్గిందేమిటోయ్?” అన్నాడు నాయకుడు.

“సౌండు తగ్గనేదు బాబూ, జనమే తగ్గినారు,” అన్నాడు డ్రైవరు.

ఆ మొగుడూ పెళ్లాలు కలిసే వెళ్లి ఓటేశారు. ఎవరికి వేశారో ఒకరికొకరు చెప్పుకోలేదట. ఒకప్పుడు ఒకే వరసలో నడిచినవాళ్లే!

ఆయన ఓడిపోయాడు. వ్యాను యజమాని నన్ను మిల్లు గేటు ఎదురుగా ఉన్న పాత ఇనుము కొట్లో అమ్మేశాడు. మిల్లు రేకులు, గొట్టాలు, తలుపులు నాకంటే ముందే అక్కడికి చేరాయి. వాటిని విడగొట్టడానికి కొట్టు షావుకారుకి మనిషి కావాలి. అలా గౌరీసుకి ఊళ్లోనే పని దొరికింది. మిల్లు తెరుచుకుని ఇవ్వలేని పనిని ముక్కలైపోయి ఇచ్చింది.

ఇవాళ నా వంతు. సుత్తి ఎత్తిన గౌరీసు నన్ను గుర్తుపట్టి ఆగాడు. “ఓపాలి కూయించి సూత్తాను బాబూ,” అని షావుకారుని అడిగి, తీగ తగిలించాడు. గొంతు బొంగురుపోయినా కూశాను. కాసేపటికి సన్యాసమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చింది.

“ఒట్టి కూతన్నావు గదే, మరెందుకొచ్చినావు?” అన్నాడు గౌరీసు.

“పనున్నోడికి కూత్తే ఒట్టి కూతెలాగౌతాది? తిను.”

అతను సుత్తిని నాకు ఆనించి చేతులు కడుక్కున్నాడు. ఇద్దరూ నా పక్కనే కూర్చుని తింటున్నారు. భోజనం అయ్యాక నాలోని రాగి తీగ లాగేస్తాడు. లాగనీండి. తొందరేముంది, ముందు కడుపునిండా తిననీండి.