చక్రాలేసుకున్న చేను

సిద్దమ్మ రొట్టె తట్టడం ఆపిందంటే ముందు వసారాలో కూర్చున్న ఓబులమ్మకు ఇట్టే తెలిసిపోతుంది. "ఏమే, ఆడనే నిద్రబోయినావా?" అని అత్తగారి కేక వంటింటి దాకా వస్తుంది. జొన్నరొట్టె చప్పుడు వినపడుతున్నంతసేపే కోడలు పని చేస్తున్నట్టు ఆ ఇంట్లో లెక్క. పిండి జల్లించడం, ఎసట్లో కలపడం, పొగకు మండే కళ్లు కొంగుతో తుడుచుకుంటూ పొయ్యి ఎగదోయడం, ఇవేవీ చప్పుడు చెయ్యవు కాబట్టి అవి పనులు కావు.

అత్తగారి చెవుల సంగతి ఊరందరికీ తెలుసు. కోడలి చెవుల సంగతే ఎవరికీ తెలియదు. నందికొట్కూరు మొత్తం గాలించినా అలాంటి చెవులు ఇంకొకరికి ఉండవు. భర్త మద్దిలేటిరెడ్డి చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగితే చాలు, ఆయన నవ్వుకుంటూ వస్తున్నాడో ఎవరితోనో మాటపడి వస్తున్నాడో ఆమెకు అర్థమైపోయేది. దాన్నిబట్టి మంచినీళ్ల చెంబు పట్టుకుని ఎదురుపోవాలో, కంటపడకుండా వంటింట్లోనే ఉండాలో తేల్చుకునేది. మామగారు మంచంలో ఉన్న రోజుల్లో దగ్గు తెరకు ముందు వచ్చే ఊపిరి విని, ఇసుక పోసిన చిప్ప ఆయన అడగకముందే నోటి దగ్గర పెట్టేది. ఆ చెవులు అలా తయారుకావడానికి ఆమె కాపురమంతా పట్టింది. దాన్ని విద్య అని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు.

ఆ పొద్దు రొట్టె మీద ఆమె చెయ్యి ఆగిపోవడానికి కారణం వాకిట్లోని కారు. మద్దిలేటిరెడ్డి దాన్ని స్టార్టు చేస్తున్నాడు. అది దగ్గింది, ఒకసారి పేలింది, ఆగిపోయింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి యేడు వచ్చింది ఆ కారు. మద్రాసులో సొంతదేశానికి వెళ్లిపోతున్న దొర ఒకడు అమ్మకానికి పెట్టాడు. పందేల్లో తిరిగిన కారు, రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు, రంగు ఆకుపచ్చ. చూడగానే మద్దిలేటిరెడ్డికి మతిపోయింది. మతి పోయింది ఆయనకైతే, పోయిన చేను సిద్దమ్మది. పాములపాడు దగ్గర నల్లరేగడి చేను, వాళ్ల నాయన పసుపుకుంకుమ కింద ఇచ్చింది. సంతకం పెట్టమన్నప్పుడు ఆమె ఒక్క మాటే అడిగింది.

"నా చేను పోతే నాకేముంటాది?"

"యాడికి పోతాదే నీ చేను? చక్రాలేసుకోని నేరుగా ఇంటికే వస్తాది చూడు," అని నవ్వాడాయన. ఓబులమ్మ కూడా నవ్వింది.

వచ్చిన నాడు దాన్ని చూడకముందే సిద్దమ్మ విన్నది. బస్టాండు మలుపు దగ్గర మొదలైన ఆ శబ్దం వీధంతా దాటుకుని వాకిట్లోకి వచ్చేదాకా ఎక్కడా తెగలేదు. నిండు చేటలోంచి జొన్నలు జారుతున్నట్టు మెత్తగా, గింజ గింజా వేరుగా వినిపించింది. ఆమె ఒళ్లు పులకరించింది. అంత పొంకమైన శబ్దాన్ని అంతవరకు ఆమె వినలేదు. హారతి పళ్లెం పట్టుకుని వెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్టుకు పసుపుకుంకుమ అద్దుతుంటే ఆ వేడి రేకు అరచేతి కింద సన్నగా అదిరింది. తన చేను బతికే ఉందనిపించింది.

ఆ తర్వాత ఊళ్లో ఆ కారు ఎక్కనివాళ్లంటూ మిగల్లేదు. కొలిమి ఏసన్న కూడా ఎక్కి బస్టాండు దాకా పోయివచ్చాడు. సిద్దమ్మ ఒకసారి అడిగింది.

"ఆడది ముందర కూచుంటే ఊరు నవ్వుతాదే," అన్నాడు మద్దిలేటిరెడ్డి. "వెనక సీటుంటే నిన్ను ఎక్కించుకోనా?"

"అత్త కూచునింది గదా?"

"అమ్మ వేరు."

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

కారు పాడైంది ఆముదం వల్ల. పందెం కార్లకు ఆముదం పోస్తారని మద్రాసులో ఎవరో చెప్పగా మద్దిలేటిరెడ్డి విన్నాడు. ఆ చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. ఎక్కడ పోస్తారో మాత్రం ఈయన అడగలేదు. బానెట్టు తెరిస్తే ఇంజను పక్కన పెట్రోలులో గాలి కలిపే రెండు కార్బొరేటర్లు, ఒక్కోదాని నెత్తిన చిన్న ఇత్తడి మూత కనిపించాయి. బండి ఇరుసుకు ఆముదం పోసి పెరిగిన చెయ్యి ఆయనది. మూత కనపడింది, ఇంట్లో గానుగాడించిన ఆముదం ఉంది, ఇంకేం కావాలి! సీసా తెచ్చిచ్చింది సిద్దమ్మే. మొదటిదాంట్లో నిండా పోసి, మిగిలింది రెండోదాంట్లో ఒంపి, పనిలో పని కనపడిన మరలన్నీ తలా కాస్త తిప్పాడు. మర్నాటి నుంచి కారు గొంతు మారింది. తొక్కితే ఉలకదు, వదిలితే పేలుతుంది. ఆత్మకూరు దారిలో జొన్నచొప్ప బండి ఒకటి దాన్ని దాటుకుని వెళ్లిందట. బండి తోలేవాడు వెనక్కి తిరిగి దండం కూడా పెట్టాడట.

"ఆముదం పోసినాకే గొంతు మారింది," అంది సిద్దమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ.

"నీకేం తెలుసే ఇంజన్ల సంగతి? పులుసు పొయ్యి."

ఆమె పులుసు పోసింది. చెప్పడం మన వంతు, వినడం వాళ్ల ఇష్టం అనుకుంది. కానీ ఆ వారంలోనే ఆత్మకూరు నుంచి వచ్చిన పినమామ వసారాలో కూర్చుని అన్న మాట ఆమె గుండెలో గుచ్చుకుంది. "ఈ ఆటబొమ్మ నీకెందుకప్పా? ఇంజను విప్పి నా బావికి బిగించుకుంటా. నీళ్లన్నా తోడుతాది." "కర్నూలు నుంచి మెకానిక్కు దస్తగిరి వస్తాండాడు. ఆయప్ప చేతిలో గూడా కాకపోతే శుక్రవారం తోలకపో," అన్నాడు మద్దిలేటిరెడ్డి. తలుపు వెనకున్న సిద్దమ్మకు ఏడుపొచ్చింది. చేను పోయిన నాడు కూడా ఆమె ఏడవలేదు. ఆ చేను ఈ రూపంలోనైనా వాకిట్లో ఉందన్న ధైర్యం ఇప్పుడు పోయింది.

గురువారం పొద్దున్నే దస్తగిరి దిగాడు. తెల్లగడ్డం, నల్లబడ్డ గోళ్లు, చంకలో పనిముట్ల సంచి. జీవితమంతా లారీ ఇంజన్ల మీద వంగి ఉండడంతో ఆయన చెవులు రెండూ పోయాయి. చేతులు మాత్రం మిగిలాయి. ఏం చెప్పినా గట్టిగా అరిచి చెప్పాలి. ఆయన బానెట్టు తెరిచి, సంచిలోంచి రబ్బరు గొట్టం ఒకటి తీశాడు.

"రెడ్డీ, ఈ కార్బొరేటర్లు రెండూ సమంగా గాలి పీల్చల్ల. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే ఇంజను కుంటుతాది. గొట్టం ఈ కొస దీని నోటి కాడ పెట్టు, ఆ కొస చెవిలో పెట్టుకో. నా చెవులు పనికిరావు. నువ్వు విని చెప్పు."

మద్దిలేటిరెడ్డి ఒకదాని దగ్గర పెట్టి విన్నాడు, రెండోదాని దగ్గర పెట్టి విన్నాడు. "రెండూ ఒకటే!" అని అరిచాడు. దస్తగిరి మర తిప్పాడు. "ఇప్పుడు?" "ఒకటే!" ఇంకో మర తిప్పాడు. "ఒకటే!" కారు మధ్యలో పేలుతూనే ఉంది. మద్దిలేటిరెడ్డికి ఓపిక అయిపోయింది. గొట్టం బానెట్టు మీద పారేశాడు. "శుక్రవారం తోలకపోనీలే," అన్నాడు.

వంటింట్లో రొట్టె చప్పుడు ఆగింది.

పరాయి మగవాళ్లున్నప్పుడు ఆ ఇంటి కోడళ్లు వసారాలోకి రారు. తలుపు వెనక నిలబడి మాట్లాడితే మాత్రం ఫరవాలేదు. ఆమె అక్కణ్ణుంచే చెప్పింది. "ఒకటి కాదు. ముందరిది ఆయాసపడతాంది. వెనకది దాని వంతు గూడా పీలుస్తాంది."

దస్తగిరికి వినపడలేదు. "ఏమంటాండాది అమ్మ?" అన్నాడు.

మద్దిలేటిరెడ్డి ఇటు చూశాడు, అటు చూశాడు. తప్పలేదు. "ముందరిది ఆయాసపడతాందంట! వెనకది దాని వంతు గూడా పీలుస్తాందంట!" అని వీధంతా వినపడేలా అరిచాడు. పెళ్లయ్యాక భార్య మాటను ఆయన పొల్లుపోకుండా పలకడం అదే మొదలు.

దస్తగిరి మర తిప్పాడు. "ఇంకా," అంది తలుపు. "ఇంకా!" అరిచాడు మొగుడు. "ఎక్కువైంది," అంది తలుపు. "ఎక్కువైందంట!" వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఆ అరుపుల మధ్య దస్తగిరి లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

"ఏమప్పా రెడ్డీ, నీ గొంతు పోతాది. ఆ చెవులు ఉండేది ఆడ. ఈడికి పిలువు. నాకు మనవరాళ్లుండారు, నా ముందర ఆయమ్మకు మరుగెందుకు?"

ఓబులమ్మ నోరు తెరిచింది. శుక్రవారం సంగతి గుర్తొచ్చిన కొడుకు ఆమె వైపు చూడలేదు. సిద్దమ్మ చేతులకు పిండితోనే బయటికి వచ్చింది.

గొట్టం చెవిలో పెట్టుకుంది. లోపలి నుంచి సన్నటి ఈల వినిపించింది. మామగారి ఊపిరి గుర్తొచ్చింది. తలుపుల వెనక, మంచాల పక్కన, పొయ్యి ముందు ఊపిరి బిగబట్టి విన్న రోజులన్నీ ఈ ఒక్క గంట కోసమే అయినట్టు అనిపించింది. ఈ గొంతుకు ఆమె భయపడక్కర్లేదు. దానికి ఏం కావాలో అర్థం చేసుకుంటే చాలు. "ముందరిదాని గొంతులో ఏందో జిగట ఉండాది," అని గట్టిగా, దస్తగిరికి నేరుగా వినపడేట్టు చెప్పింది. "ఆ మూతల్లో ఆముదం పోసినారు."

దస్తగిరి నుదురు కొట్టుకుని నవ్వాడు. "అరె అల్లా! ఆముదం ఇంజను కడుపులో పోసేది! ఈడ పల్చటి నూనె, రెండు బొట్లు చాలు."

కిరసనాయిలుతో కడిగితే జిగట వదిలింది. పల్చటి నూనె కోసం కర్నూలు దాకా పోనక్కర్లేదు. సిద్దమ్మ తన కుట్టుమిషను నూనెసీసా తెచ్చింది. ఇంక ఆమె వినడం, ఆయన తిప్పడం. "చాలు" అని ఆమె అన్నచోట దస్తగిరి చెయ్యి ఆపాడు. జొన్నలు జారే శబ్దం మళ్లీ వచ్చింది. ఆయనకు అది వినపడలేదు గానీ, రేకు మీద అరచెయ్యి పెట్టి చూసుకుని కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా, శానామంది ఉస్తాదుల దగ్గర పనిచేసినా. ఈ చెవి ఎవరికీ ల్యా," అన్నాడు. మర ఎటు తిప్పితే ఏమవుతుందో ఆమెకు చూపించి మరీ బస్సెక్కాడు.

శుక్రవారం పినమామ వచ్చాడు, కారెక్కాడు, ఆత్మకూరు దాకా పోయి జుట్టు రేగి తిరిగొచ్చాడు. బావి మాట మళ్లీ ఎత్తలేదు. "ఎట్ల బాగు చేసినావప్పా?" అని అడిగితే మద్దిలేటిరెడ్డి తన చెవి తాకి చూపించాడు. "వినే చెవి ఉండల్లబ్బా!" లోపల పినమామకు అన్నం వడ్డిస్తున్న సిద్దమ్మ ఆ మాట విన్నది. ఆమెకు వినపడనిదేముంది? కోపం వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. ఆ రెండింటి మధ్య ఒక నిర్ణయానికి వచ్చింది.

ఒంటిమిట్ట కల్యాణానికి ఆత్మకూరు వాళ్లతో కలిసి బయలుదేరాల్సిన రోజు పొద్దున మద్దిలేటిరెడ్డి స్నానానికి వెళ్లాడు. తిరిగొచ్చి కారు స్టార్టు చేస్తే దగ్గింది. మరలు ఎండకు తిరగవు, గాలికి తిరగవు. అవి ఎవరు తిప్పితే తిరుగుతాయో మనకు తెలుసు, ఆయనకు తెలియదు.

"ఏమే! వచ్చి విను!"

సిద్దమ్మ గడప దాకా వచ్చింది. "ఈడ నుంచి నాకు వినపడల్యా."

"గొట్టం తెస్తా ఉండు."

"గొట్టంతో గూడా తెలీదు. పోతాంటే మారతాంది శబ్దం. చక్రం పట్టుకోని కూచుంటేనే తెలుస్తాది."

"నీకు తోలేది యాడ వచ్చు?"

"రాదు. చెప్తే వింటా. వినేది నాకు బాగా వచ్చు."

ఆయన వీధిలోకి చూశాడు, పొద్దెక్కడం చూశాడు. సిద్దమ్మ చేతులు కడుక్కుని వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. సీటు తోలు ఎండకు కాలుతోంది. "వెనకదాని మర కొంచెం ఇటు తిప్పు," అంది. బానెట్టు మీద వంగిన మద్దిలేటిరెడ్డి తిప్పాడు. "ఇంకా. చాలు." జొన్నల శబ్దం వచ్చింది. ఆయన బానెట్టు మూసి ఆమె పక్కకు వచ్చి "జరుగు" అన్నాడు. ఆమె జరగలేదు. కాసేపు నిలబడి, చివరికి చుట్టు తిరిగి వెళ్లి అటువైపు సీట్లో కూర్చున్నాడు. ఏది తొక్కాలో, ఏది వదలాలో గొణుగుతూ చెప్పాడు. ఆమె విన్నది. కారు కదిలింది.

ఇంట్లో రొట్టె చప్పుడు ఆగి చాలాసేపైంది. వసారాలోంచి ఓబులమ్మ గొంతు చించుకుంది. "ఏమే సిద్దమ్మా! రొట్టెలు ఎవరు తడతారే?"

సిద్దమ్మ ఇంకొంచెం తొక్కింది.

"వినపడల్యా, అత్తా!"