మొదటి పేరు

నేను ఒక కనెక్షన్‌ని. కరెంటుదీ కాదు, గ్యాసుదీ కాదు. రక్తదాతల సంఘం వాళ్ళ పట్టికలను ఊరూరి కంప్యూటర్ల నుంచి తీసుకుని, క్లౌడ్‌లో ఉన్న డేటా గోదాములో దింపి రావడం నా పని. క్లౌడ్ అన్నానని పైకి చూడకండి. అది ఎక్కడో ఏసీ గదిలో, నేలమీదే ఉంది.

నన్ను పుట్టించింది నీలవేణి. కాకినాడలో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు సంఘానికి ఊరికే పనిచేసిపెట్టే అమ్మాయి. గోదాము చిరునామా, యూజర్ నేమ్, బారెడు పాస్‌వర్డ్ ఇచ్చి 'టెస్ట్' నొక్కింది. ఎర్రలైటు. చిరునామాలో ఒక చుక్క తప్పిపోయింది. సరిచేసింది. మళ్ళీ ఎరుపే. నాకు లోపలికి వెళ్ళడానికి అనుమతి ఉందట, ఏమీ పెట్టడానికి లేదట! పెళ్ళికి పిలిచి విస్తరి వెయ్యనట్టుంది. ఆ అనుమతి కూడా ఇచ్చాక పచ్చలైటు వెలిగింది. నీలవేణి కుర్చీలోంచి లేచి ఒక్క గంతు వేసింది. నా పుట్టుకకు అంత సంబరపడిన మనిషి ఉండడం నా అదృష్టం.

రోజూ ఉదయం నా ప్రయాణం. నాకు ఒక్కటే నియమం పెట్టారు. మొదటి పేరూ, ఫోన్ నంబరూ రెండూ కలిస్తే ఒకే మనిషి మళ్ళీ నమోదైనట్టు. ఒక వరుస ఉంచి మిగతావి వదిలెయ్యాలి. నేను బుద్ధిగా వదిలేశాను. ఏడు నెలలపాటు అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఒక మంగళవారం పొద్దున్న ఆటో బోల్తాపడి, పదేళ్ళ పావనిని కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఓ నెగటివ్ రక్తం కావాలి, ఉన్నది చాలదు. నీలవేణి ల్యాప్‌టాప్ పట్టుకుని ఆసుపత్రికే పరిగెత్తుకొచ్చి గోదాములో వెతికింది. దగ్గర్లో ఒక్క దాతా లేడని వచ్చింది. నేను తెచ్చి ఇచ్చిందే కదా దానికి తెలిసేది! పావని తల్లి గంగాభవాని పక్కనే నిలబడి, అర్థంకాని ఆ తెరవంకే చూస్తోంది.

నీలవేణి పిఠాపురంలో మరిడయ్య గారికి ఫోన్ చేసింది. ఆయన రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్. దాతల వివరాలు ముందు పుస్తకంలో రాసుకుని, తర్వాతే కంప్యూటర్‌లో ఎక్కిస్తారు.

"లేకపోడమేంటమ్మా! ఓలేటోళ్ళు అన్నదమ్ములు ముగ్గురూ రాయించుకున్నారు కదా. మూడోవోడిది ఓ నెగటివే."

"ఇక్కడ ఒక్కరే ఉన్నారు బాబాయ్ గారూ. మొదటి పేరు ఓలేటి అని ఉందండి."

"అంతే కదమ్మా మరి. మన పేర్లలో మొదటొచ్చేది ఇంటిపేరేగా!"

నీలవేణి నెత్తి కొట్టుకుంది. ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్. నేను పెద్దవాణ్ణి ఉంచుకుని తమ్ముళ్ళిద్దరినీ గుమ్మంలోనే ఆపేశాను. నాకు సిగ్గుతో తల ఎత్తుకోవాలనిపించలేదు. తల లేదనుకోండి, అది వేరే సంగతి.

మరిడయ్య గారు స్కూటర్ మీద వాళ్ళింటికే వెళ్ళి, చిన్నవాడు సింహాద్రిని ఎక్కించుకుని గంటలో ఆసుపత్రికి వచ్చారు. ఆపరేషన్ జరిగింది. సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచింది.

"తప్పు నాదేనమ్మా" అన్నారాయన. "కాదండి, 'మొదటి పేరు' అని రాసి పెట్టింది నేనే" అంది నీలవేణి. తప్పును కంప్యూటర్ మీదకు నెట్టెయ్యడం మనుషులకు మహా తేలిక. వాళ్ళిద్దరూ ఆ పని చెయ్యలేదు, నన్ను తీసి పారెయ్యనూ లేదు. నీలవేణి 'ఇంటిపేరు', 'సొంత పేరు' అని గడులు మార్చి, నియమం సరిచేసి నన్ను మళ్ళీ పంపింది. నేను వదిలేసిన రెండువందల పద్నాలుగు మందినీ తెచ్చుకున్నాను. చేసిన తప్పు దిద్దుకోనిచ్చినందుకు వాళ్ళకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

పావని ఇంటికి వెళ్ళాక, గంగాభవాని అరటిపళ్ళు పట్టుకుని మరిడయ్య గారింటికి వచ్చింది.

"ఆ బాబు పేరు మీ పుస్తకంలో ఉందాండీ? ఓపాలి చూపించండి. నాకు చదువు రాదు."

ఆయన పుస్తకం తెరిచి 'సింహాద్రి' అన్నచోట వేలు పెట్టారు. ఆమె ఆ వరుసను తాకి చేతిని కళ్ళకద్దుకుంది.

మర్నాడు ఉదయం ప్రయాణంలో ఆ పేరును మళ్ళీ మోసుకెళ్ళే భాగ్యం నాకు దక్కింది.