పరదా పీకిన తలుపు

కంపెనీ దొరలూ, మల్లయ్య మూడు వేళ్లు మీరే తిన్నారు. పది నిమిషాల్లో ఐస్‌క్రీం గుమ్మంలో ఉండాలన్నది మీరు. ఆ పరుగుకు అడ్డమని చల్లగది తలుపుకున్న ప్లాస్టిక్ పరదా పీకించింది మీరు. ఇప్పుడు కాగితం పట్టుకొచ్చి నేరమంతా అతని అక్క నెత్తిన రుద్దుతున్నారు. సిగ్గుండాలి.

మాదాపూర్‌లో గాజు మేడల వెనక సందులో ఉంది ఆ గోదాం. ఫోన్లో సరుకు నొక్కితే అక్కణ్ణుంచే బండి కదులుతుంది. రాజమ్మ అక్కడ ఊడ్చి తుడుస్తుంది. తమ్ముడు మల్లయ్య చల్లగదిలోంచి పెట్టెలు అందిస్తాడు. లింగంపల్లిలో ఇద్దరిదీ ఒకటే కిరాయి గది.

చల్లగదిలో చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. తలుపు లోపలివైపు ఒక గుండీ, దాని వెనక తలుపులోంచి దూరిపోయే కడ్డీ. తలుపు మూసుకుపోతే లోపలున్నవాడు ఆ గుండీ నెట్టుకుని బయటపడాలి. పిలవడానికి గంట కూడా ఉంది గానీ, ఏడాదిగా మోగదు.

పరదా పోయింది వానాకాలం మొదట్లో. ఆ రోజుల్లో గాలి పిండని గుడ్డలా ఉంటుంది. తలుపు తీసిన ప్రతిసారీ ఆ గాలి లోపలికి దూరేది. వారం తిరక్కుండా గోడల మీద, గుండీ మీద బూజులా తెల్లమంచు. రాజమ్మ గీకేది, అది మళ్లీ పట్టేది. ఒకరోజు పొద్దున గుండీ అసలు కదల్లేదు. ఇంట్లో పాల ప్యాకెట్లు ఫ్రిజ్‌కు అంటుకుంటే ఏం చేస్తుందో ఇక్కడా అదే చేసింది: ఫ్లాస్కులోని వేడినీళ్లు గుమ్మరించింది. మంచు కరిగింది, గుండీ ఆడింది. మంచి పని చేశాననుకుని చీపురు పట్టుకుని వెళ్లిపోయింది. కరిగిన నీళ్లు కడ్డీ సందులోకి జారి రాయిలా గడ్డకట్టాయి.

మధ్యాహ్నం తలుపు మూసుకుపోయింది. మల్లయ్య లోపల ఉన్నాడు. నలభై నిమిషాలు. పట్టు దొరకడం లేదని చేతి తొడుగులు తీసేసి గుండీ నెట్టాడు. ఆర్డర్ల మోతలో అతని బాదుడు ఎవరికీ వినపడలేదు. తుడవడానికొచ్చి తలుపు తీసింది రాజమ్మే.

దవాఖానలో కుడిచేతి మూడు వేళ్లు తీసేశారు. నెల తర్వాత పనికొస్తే, హాజరు మిషన్ చూపుడువేలు అడిగింది. అక్కడ వేలు లేదు. ఎడమచేయి పెట్టాడు. ఎర్రలైటు.

"అక్కా, గిది నన్ను గుర్తుపడ్తలేదే," అని నవ్వబోయాడు మల్లయ్య. నవ్వు రాలేదు.

రాజమ్మ పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. అక్కడే మిషన్లు బాగుచేసే ఓంకార్ ఆమెను టీ బండి దగ్గరికి తీసుకెళ్లాడు.

"నా చేత్తోని తమ్ముణ్ణి ఆగం చేసిన అన్నా."

"నీళ్లు నువ్వు పోసినవ్, ఒప్పుకుంట. మరి మంచు ఎవరు పోసిన్రు?" అంటూ స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు, పిడికెడు ఉప్పు వేసి కలిపాడు. "సూడు. ఉప్పు కలిస్తే ఐసు సున్నాకన్న సల్లగైతది. గాలిల నీళ్లుంటయ్, ఆవిరి లెక్క, కంటికి ఆనవు. సున్నాకన్న సల్లగున్నది తగిలితే ఆ ఆవిరి నీళ్లు గాకుండనే సీదా మంచైతది. తడిగాలి ఎంత రానిస్తే అంత మంచు. పరదా ఉన్నది గా గాలిని ఆపుతందుకే."

మర్నాడు మేనేజర్ శివశంకర్ పిలిపించాడు. ఇన్నాళ్లూ "ఏయ్ ఆయా" అన్న నోరు ఆ రోజు గారు తగిలించింది.

"రాజమ్మగారూ, నియమం తప్పి నీళ్లు పోశానని ఇక్కడ సంతకం పెట్టెయ్యండి. మీ తమ్ముడికి కూర్చునే పని చూస్తాం. లేదంటే ఇద్దరూ ఇంటికెళ్లాలి. ఆలోచించుకోండి."

ఆమె పెన్ను పట్టుకోలేదు. సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి, వెంట తెచ్చిన ఐసు, ఉప్పు వేసి, గ్లాసు బయటివైపు కొంగుతో పొడిగా తుడిచి ఆ కాగితం పక్కన పెట్టింది.

"ఏంటండీ ఇది?"

"జర ఆగుర్రి సారూ."

కాసేపటికి గ్లాసు బయట అడుగు నుంచి తెల్లటి నూగు పైకి పాకింది. శివశంకర్ వేలితో గీరి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైతది సార్, నీకు పది వేళ్లున్నయ్ గద," అంది రాజమ్మ. "గ్లాసు కారలే. ఈ అర్ర గాలిలకెల్లే వచ్చింది గీ మంచు. మా తలుపుకు గూడ గట్లనే వచ్చింది. పరదా ఎందుకు పీకించిన్రు?"

"పైనుంచి ఆర్డర్ అండీ. నా చేతుల్లో ఏముంది?"

"నా తమ్ముని చేతుల గూడ ఏం లేదు సారూ."

బయట చల్లగది తలుపు ఇంకా తెరుచుకుంటూనే ఉంది. మల్లయ్య జాగాలో స్వామి అనే కొత్తతను లోపలికి పోతున్నాడు. పరదా లేదు. రాజమ్మ లేచి కిటికీ అద్దంలోంచి అటు చూపించింది.

"నీళ్లు పోసింది నేనే. రాయుర్రి, దస్కత్ పెడ్త. పరదా పీకింది, గంట బాగుచెయ్యనిది మీరని గదే కాగితం మీద రాసి మీరు పెట్టుర్రి. నా నౌకరి పోతే పోనీ. ముందుగాల ఆ పిలగాణ్ణి బయటికి పిలువుర్రి. పరదా కట్టుర్రి, గంట మోగియ్యుర్రి, ఆ కడ్డీ మార్చుర్రి. రేపు గాదు సారూ. గిప్పుడే. లెవ్వు."