స్కానింగ్ గదికి వేరే లైను

అత్తయ్యకి ఒళ్లు తుడుస్తుంటే చీఫ్ ఇంజినీర్ గారి ఫోను. తడిచేత్తోనే ఎత్తాను. కొత్త స్కాన్ మిషన్ డ్రాయింగు మీద నా సంతకం ఒక్కటే మిగిలిందట.

మా ఆసుపత్రిలో వైరింగు ప్లాన్లు గీసేది నేనే. స్కాన్ తీసే క్షణంలో ఆ మిషన్ ఒక్క గుక్కలో కరెంటు లాగేస్తుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దానికి విడిగా కేబుల్ గీశాను. కేబుల్ వెయ్యాలంటే వరండా తవ్వాలి, ప్రారంభోత్సవం చూస్తే పదిరోజుల్లో ఉంది. పైన పసిపిల్లల వార్డుకి వెళ్లే లైనుకే కలిపేయమన్నారు చీఫ్. రెండుసార్లు కాదన్నాను. "ఆవిడకి ఇంట్లో చికాకులు, ఇక్కడ తీర్చుకుంటున్నారు" అన్నారు మీటింగులో. అందరూ నవ్వారు. వాళ్ల టీ కప్పులు తీస్తూ నేనూ నవ్వాను. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంట్లో చెప్తే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "అంత పంతమైతే మానెయ్. అమ్మ దగ్గర ఉండటానికి మనిషి దొరికినట్టుంటుంది." మంచాన పడ్డ అత్తయ్య దగ్గర నాలుగేళ్లుగా ఉన్న మనిషిని నేనే. ఆ మంచానికి దూరంగా రోజూ ఎనిమిది గంటలు నన్ను నిలబెట్టేది ఈ ఉద్యోగమొక్కటే. అది పోతుందన్న భయంతో, చీఫ్ చెప్పినట్టు మార్చిన డ్రాయింగు మీద సంతకం పెట్టాను. తప్పని తెలిసే పెట్టాను.

నిన్న మిషన్ పరీక్షించారు. రెండో స్కానుకే పై అంతస్తు బ్రేకర్ పడిపోయింది. మెయిన్ కరెంటు ఉంది కాబట్టి జనరేటరూ రాలేదు. నేను మెట్లెక్కేసరికి పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. గుప్పెడంత పాపని గుండెకి అదుముకుని, మీద దుప్పటి కప్పుకుని నిలబడింది నర్సు. ఆయాల ఒళ్లో మరో ఇద్దరు. "ఏమైంది మేడమ్?" అంది. పదకొండు నిమిషాలు కరెంటు లేదు. ఆ పాప పెదాలు నీలంగా మారి, మళ్లీ మెల్లగా ఎర్రబడ్డాయి.

"ఏం కాలేదుగా. రేపు ప్రారంభించేద్దాం" అన్నారు చీఫ్. ఇంటికొస్తే ఆయనా అదే మాటన్నారు.

ఈ పొద్దున అత్తయ్యకి మందులిచ్చి, సాక్సులు వెతుక్కుంటున్న ఆయనతో చెప్పాను. "సాయంత్రానికి నాకు ఉద్యోగం ఉండకపోవచ్చు. ఉన్నా లేకపోయినా మీ అమ్మగారి పనిలో సగం ఇవాళ్టి నుంచి మీది." వేళాకోళం అనుకున్నట్టున్నారు, సాక్సులు ఎక్కడని అడిగారు. చెప్పకుండా వచ్చేశాను.

అందరికంటే ముందు, కరెంటు బోర్డులుండే పేనల్ రూముకి వెళ్లి స్కాన్ మిషన్ బ్రేకర్ దించాను. దానికి తాళం వేసి, ఒక అట్ట తగిలించాను. "ఈ లైను ప్రమాదమని తెలిసే సంతకం పెట్టాను. ఆ తప్పు నాది. వేరే కేబుల్ పడేదాకా ఈ తాళం తియ్యను." కింద నా హోదా రాసి సంతకం చేశాను.

వరండాలో చీఫ్ గారి బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. తాళంచెవి పిడికిట్లో బిగించి, తలుపు నేనే తీశాను.