హుసేన్ వలి మేనేజరైనాక

ఆత్మకూరు ఫుట్‌బాల్ క్లబ్బులో హుసేన్ వలి ఇరవై ఏండ్లు సెంటర్ ఫార్వర్డు. బంతి దొరికితే గోల్‌లోకో, కాంపౌండు గోడ అవతలికో తన్నేవాడు తప్ప ఇంకొకరికి ఇచ్చిన దాఖలా లేదు. గోల్స్ పడేవి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

నలభై రెండో ఏట క్లబ్బు అతన్నే మేనేజరు చేసింది. మొదటిరోజే అందర్నీ కూర్చోబెట్టి, "బంతి పక్కోనికి ఇయ్యండప్పా. ఒక్కడే ఆడితే అది ఆట గాదు" అని గంటసేపు చెప్పినాడు. అతనితో పదిహేనేండ్లు ఆడిన గోల్‌కీపరు ఈరేష్ నవ్వు ఆపుకోలేక గ్లౌజులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

జట్టు పేర్లు రాసే పని ఇప్పుడు వలిదే. మొదట తన పేరే రాసుకునేవాడు. వరసగా నాలుగు మ్యాచిలు పోయినాయి. వలి చేరేలోపల బంతి ఎప్పుడో దాటిపోయేది.

ఒకరోజు అతని తొమ్మిదో నంబరు జెర్సీకి కుట్టు వేస్తూ భార్య పీరాంబీ అడిగింది.

"ఎవురైనా నాలుగు మ్యాచిల్లో ఒక్క గోల్ గూడా కొట్టకపోతే ఏం చేస్తావు?"

"కూర్చోబెడతా. అడిగేదేముంది?"

"మరి ఈ తొమ్మిదో నంబరాయన్ని?"

"ఆయప్పకు అనుభవం శానా ఉండాది" అన్నాడు వలి, నవ్వకుండా.

తరవాతి టోర్నమెంటుకు వచ్చినవి నాలుగే జట్లు కాబట్టి మొదటి మ్యాచే సెమీఫైనల్, రాయచోటిలో. సగం ఆట అయ్యేసరికి ఒక గోల్ వెనకబడినారు. కీపరు లేని గోల్ ముందు నిలబడి వలి తన్నిన బంతి బయట ఆగిన లారీ మీద పడింది. విరామంలో అతను నీళ్లు తాగి, పేర్ల కాగితం తీసినాడు.

"తొమ్మిదో నంబరు బయటికి. నిస్సార్, నువ్వు పోప్పా."

నాలుగు మ్యాచిలుగా బయటే కూర్చున్న ఆటో డ్రైవరు నిస్సార్ నమ్మలేనట్టు చూసినాడు.

"ఆయప్పకు చెప్పినావా? కోపమొస్తాదేమో!" అన్నాడు ఈరేష్.

"చెప్పినా. వచ్చింది" అంటూ వలి జెర్సీ విప్పి నిస్సార్ చేతిలో పెట్టినాడు. క్లబ్బుకున్నవి పదకొండు జెర్సీలే.

బనీనుతోనే మైదానం గీత బయట నిలబడి, వలి మొదటిసారి ఆటంతా చూసినాడు. అవతలి జట్టు కుడిపక్క ఖాళీగా ఉంది. "ఆ పక్కకు, ఆ పక్కకు!" అని గొంతు పోయేదాకా అరిచినాడు. నిస్సార్ ఆ పక్కనుంచే దూరి రెండు గోల్స్ కొట్టినాడు.

మ్యాచి అయినాక వలి పీరాంబీకి ఫోన్ చేసినాడు.

"గెలిచినాం."

"నువ్వెన్ని కొట్టినావు?"

"నేను చూసినా."

"బాగుండాదా, చూసేకి?"

"శానా బాగుండాది" అన్నాడు.

రాజంపేటలో జరిగిన ఫైనల్ ఓడిపోయినారు. వలి ఆ రోజూ గీత బయటే ఉన్నాడు. ఒక్కసారి మాత్రం బంతి దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికొస్తే ఆగలేక తన్నినాడు. అది నేరుగా గోల్‌లో పడింది. రిఫరీ పరుగెత్తుకొచ్చి పసుపు కార్డు చూపించినాడు.