నాలుగో నంబరు తడి కవరు

నేను ఒక డబ్బాని. నా గురించి నేను డబ్బా కొట్టుకోవడం మర్యాద కాదని తెలుసు. కానీ డబ్బాగా పుట్టాక వేరే ఏం కొట్టుకోను?

కాకినాడ జగన్నాథపురంలో ఒక వెల్డింగు షాపులో, పాత నూనె డ్రమ్ము రేకుతో నన్ను చేశారు. నుదుట ఒక చిల్లు, దాని మీద కనురెప్పలాంటి మూత, కింద చిన్న తలుపు, తలుపుకో తాళం. నుదుటి చిల్లు చూసి వెల్డరు "చిల్లు ఉన్నచోట చిల్లర పడుద్దిలే" అని దీవించాడు. మొదట ఒక బియ్యం మిల్లులో సలహాల పెట్టెగా చేరాను. మూడేళ్ళలో నా కడుపులో పడిన సలహా ఒకే ఒక్కటి: "ఈ పెట్టె తీసేయండి." యాజమాన్యం అమలు చేసిన సలహా కూడా అదొక్కటే.

పాత సామాను కింద నన్ను కొన్నది మేడిశెట్టి గంగరాజుగారు. హార్బరు దారిలో ఆయనకి వరసగా ఎనిమిది పోర్షన్లు. అద్దెకున్న వాళ్ళు ఎదురుపడి కష్టాలు చెబితే ఆయన మనసు కరుగుతుంది. కరిగిన మనసుని మళ్ళీ గడ్డ కట్టించుకోవడానికి రెండు రోజులు పడుతుంది. అందుకని మొహాలు చూడకుండా వసూలు చేసే పద్ధతి ఒకటి కనిపెట్టి, నడవా గోడకి నన్ను బిగించారు. ప్రతినెలా అయిదో తారీఖు మధ్యాహ్నం పన్నెండింటికి తాళం తీస్తారు. అప్పటికి నా కడుపులో కవరు లేకపోతే రోజుకి యాభై లేటు ఫీజు. పన్నెండు నెలల్లో మూడుసార్లు లేటయితే పోర్షను ఖాళీ. కరెంటు ఫీజు పోతే దీపం ఒక్కటే ఆరుతుంది, లేటు ఫీజు పడితే ఇంటిల్లిపాది మొహాలూ ఆరిపోతాయి.

ఆ ఫీజు తప్పించుకోవడానికి మనుషులు వాడే తెలివిలో సగం సంపాదనకి వాడితే అసలు లేటే కారు. ఆరో నంబరు గుమాస్తా ఖాళీ కవరు వేసి, "డబ్బు మీరు తీశాకే ఖాళీ అయిందండి" అన్నాడు. ఏడో నంబరువాళ్ళు సగం అద్దె వేసి, సగం లేటుకి సగం ఫీజే అని లెక్క చెప్పారు. మూడో నంబరు లోవమ్మ ఒక్కతే, ఇడ్లీ బండి ఆవిడ, ఒకటో తారీఖునే వేసేసి మిగతా అందరికీ నీతులు వడ్డించేది, చట్నీతో సహా.

నాలుగో నంబరులో ఓలేటి పోలిరాజు, అతని భార్య నూకరత్నం. పోలిరాజు చేపల వేటకి వెళ్ళే మనిషి. నోట్లు తడవకుండా సముద్రంలో దాచుకున్నట్టే నాలోనూ దాచేవాడు. పాలకవరులో చుట్టి, నైలాన్ దారంతో వల ముడి వేసి, సిగరెట్టు పెట్టె అట్టముక్క మీద నాలుగు అంకె వేసి పడేసేవాడు. ఆ ముడి విప్పలేక గంగరాజుగారు ప్రతినెలా కత్తెర తెచ్చుకునేవారు.

అక్టోబరు వాయుగుండంలో పడవ తిరిగొచ్చింది, పోలిరాజు రాలేదు. అల లాక్కుపోయిందని తోటివాళ్ళు చెప్పారు. శవం దొరకలేదు. నూకరత్నం బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. "ఏదో ఒడ్డున తేలుంటాడు. ఎప్పుడొచ్చినా ఈ గుమ్మానికే కదా వస్తాడు, ఇంకో గుమ్మం తెలీదు ఆ మనిషికి" అనేది. అందుకే ఆ పోర్షను వదలకూడదు. నవంబరు లేటు. డిసెంబరు లేటు. మూడోది పడితే గుమ్మం పోతుంది.

జనవరి అయిదు, పదకొండు గంటలు. నూకరత్నం ఖాళీ చేతులతో నా ఎదురుగా నిలబడి ఉంది. నా మూత ఎత్తితే కీచుమంటుంది, వీధి చివరికి వినబడుతుంది. ఆ పూట అది కీచుమనలేదు. ఎవ్వరూ ఎత్తలేదు. అయినా నా కడుపులో ఏదో బరువు పడింది. చల్లగా. నేను రేకుని, నాకు వణుకేమిటి అనుకున్నాను. వణికాను.

పన్నెండింటికి గంగరాజుగారు తాళం తీశారు. తోటి కవర్లని తడిపేస్తూ పాలకవరు పొట్లం, దానికి నైలాన్ దారం, వల ముడి. అట్టముక్క మీద నాలుగు. లోపల సరిగ్గా నెల అద్దె మూడున్నర వేలు, ఉప్పు వాసన.

"చూశావా నూకరత్నం! మూడో లేటు భయం ఉంటే గానీ క్రమశిక్షణ రాదు" అని మెచ్చుకున్నారాయన.

ఆవిడ డబ్బు వంక చూడలేదు. ముడి వంకే చూస్తూ ఉండిపోయింది.

ఫిబ్రవరిలోనూ అంతే. మార్చిలో పొట్లంలోంచి చారెడు ఇసక కూడా రాలింది. "ఏంటమ్మా, నోట్లు ఉప్పులో ఊరేస్తున్నావా? అద్దె అడిగాను గానీ ఆవకాయ అడగలేదే" అన్నారు గంగరాజుగారు.

"ఆ డబ్బు నేను వెయ్యలేదండి."

"మరెవరేశారు?"

నూకరత్నం తెగిన వల ముడిని ఏరి కొంగున కట్టుకుంది. గంగరాజుగారు కత్తెర కింద పడేసుకుని, తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

లోవమ్మ ఊరుకోలేదు. "ఓసి పిచ్చిమొహమా! ఎవరేస్తే నీకేంటి? ఇల్లు నిలబడింది, నోరు మూసుకుని ఉండు."

"ఇల్లు నిలబెట్టుకుంది ఆయనొస్తాడని అక్కా. ఈ డబ్బు తీసుకుంటే ఆయన ఇంక రాడని నేనే ఒప్పుకున్నట్టు కాదా?"

లోవమ్మ రెండు ఇడ్లీలు పెట్టి వెళ్ళిపోయింది, ఈసారి చట్నీ లేకుండా.

అయిదో తారీఖుకీ ఐదోతనానికీ మధ్య అలా ఇరుక్కున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. లేటయితే గుమ్మం పోతుంది. లేటు కాకుండా ఆ పొట్లం ఆదుకుంటే బొట్టు పోతుంది.

ఆ నెలంతా నూకరత్నం హార్బరులో కూర్చుని చిరిగిన వలలు అల్లింది. వేళ్ళు కోసుకుపోతే గుడ్డ చుట్టుకుని అల్లింది. ఏప్రిల్ నాలుగో తారీఖు పొద్దున్నే వచ్చి నా మూత ఎత్తింది. కీచుమన్నాను. పొడి కవరు పడింది, మూడున్నర వేలు. తర్వాత నా చిల్లుకి నోరు ఆనించి, లోపలికి మాట్లాడింది.

"అద్దె నేను కట్టేశాను. నువ్వు కట్టకు. వస్తే నువ్వే రా. డబ్బు పంపకు."

నా మూత మెల్లగా దించి వెళ్ళింది.

మర్నాడు పదకొండింటికి చలి వచ్చింది. నా లోపల నిలబడింది. పొట్లం పడలేదు. నా మూత కీచుమంది, ఈసారి లోపలినుంచి. బయట ఎత్తిన చెయ్యి లేదు. ఎదురుగా నూకరత్నం ఉంది, చూసింది. నా కింద గచ్చు మీద ఒక తడి పాదం పడింది. దాని ముందు ఇంకొకటి. అడుగులో అడుగేసుకుంటూ నడవా పొడుగునా వెళ్ళి, నాలుగో నంబరు గుమ్మం ముందు రెండు పాదాలూ పక్కపక్కన ఆగాయి, కొత్త ఇంటికొచ్చిన చుట్టంలా.

నూకరత్నం ఏడవలేదు. వాటిని తొక్కకుండా పక్కనుంచి వెళ్ళి, తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, ఓరగా జరిగి నిలబడింది.

పన్నెండింటికి తాళంచెవితో వచ్చిన గంగరాజుగారు గచ్చు చూశారు. ఏప్రిల్ ఎండలో గంట గడిచినా ఆ తడి ఆరలేదు. పాదాలు లోపలికి వెళ్ళాయి, బయటికొచ్చినవి లేవు. అయినా, ముప్పై ఏళ్ళ ఇంటి ఓనరు అలవాటు ఎక్కడికి పోతుంది, లెక్కల పుస్తకం తీసి అడిగారు.

"నీళ్ళ చార్జీ... మనిషికి వంద కదమ్మా. ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం అండి" అంది నూకరత్నం.

ఆయన పుస్తకంలో రెండు అని రాసుకున్నారు.

ఆ తర్వాత మిగతా పోర్షన్లవాళ్ళంతా ఫోన్లలో అద్దె కట్టడం మొదలుపెట్టారు. గుమాస్తా ఇప్పుడు లేటయితే సర్వరు మీదికి తోసేస్తున్నాడు. నన్ను పీకి పాత ఇనుముకి వేసేద్దామని గంగరాజుగారు రెండుసార్లు అనుకున్నారు, వేయలేదు. నాలుగో నంబరు కవరు ఒక్కటి ప్రతినెలా నాలుగో తారీఖునే నాలో పడుతుంది, ఇద్దరి నీళ్ళ చార్జీతో సహా, పొడిగా.

అయిదో తారీఖు పన్నెండింటికి గంగరాజుగారు తాళంచెవితో వస్తారు. కాకపోతే ఇప్పుడు తెరిచే ముందు నా తలుపుని రెండుసార్లు వేలితో తట్టి, కాస్త ఆగి, అప్పుడు తీస్తున్నారు.